వేప రెమ్మ అతికించిన కార్డు

ఈ సంగతి ఇంతకాలం రాయకపోవడానికి మొదటి కారణం నాకు అక్షరాలు రాకపోవడం. నలభై మూడేళ్ళు వచ్చేదాకా ఎవరైనా నా పేరు కాగితం మీద రాసి చూపిస్తే అది నా పేరో, పక్కింటావిడ పేరో నాకు తెలిసేది కాదు. అక్షరాలు వచ్చాక కూడా రాయలేదు. అప్పటికే నా చేతుల మీదుగా ఒక ఇంటికి జరగకూడనిది జరిగిపోయింది. కలం పట్టుకుంటే ముందు అదే రాయాలి, అది వదిలేసి ఇంకేం రాసినా అబద్ధమే అవుతుందని ఊరుకున్నాను. పదమూడేళ్ళు ఊరుకున్నాను.

పోయిన వారం టెక్కలి నుంచి ఒక రేకు పెట్టె వచ్చింది. ఆటో అతను దాన్ని గుమ్మంలో దించి, "ఏటి పెద్దమ్మా, ఇనపకొట్టు పెడతన్నావేటి, నడుం పడిపోనాది" అని వెళ్ళిపోయాడు. మూత తీశాను. లవంగాల వాసన, దాని వెనకే సిరా వాసన, పాత రబ్బరు వాసన. ఆ మూడూ కలిసి వచ్చే చోటు నాకు ఒక్కటే తెలుసు. అది పలాసని ఆనుకున్న మా కాశీబుగ్గలో ఎస్తేరు టీచరు గారి వసారా. పురుగు పట్టకుండా ఆవిడ కాగితాల మధ్య లవంగాలు వేసేవారు. ఆవిడ పోయి రెండు నెలలైంది. పెట్టె పంపింది ఆవిడ మేనకోడలు సునీత, చివరి రోజుల్లో ఆవిడ టెక్కలిలో ఆమె దగ్గరే ఉన్నారు. మూత చేత్తో పట్టుకుని నేల మీద అలాగే కూర్చుండిపోయాను.

ఎస్తేరు టీచరు చాలా ఏళ్ళు టెక్కలిలో పిల్లలకి చదువు చెప్పి, పని విరమించాక మా వీధిలో పెంకుటిల్లు అద్దెకి తీసుకుని ఒక్కరే ఉండేవారు. పెళ్ళి చేసుకోలేదు. ఆదివారం చర్చికి వెళ్ళేవారు, మిగతా ఆరు రోజులూ వసారాలో కూర్చుని కార్డులు చేసేవారు. అమ్మడానికి కాదు. ఆవిడ ఎరిగిన ఇంట్లో పెళ్ళయినా, బిడ్డ పుట్టినా, జబ్బు చేసినా, చావు జరిగినా ఆవిడ చేతి కార్డు ఒకటి ఆ ఇంటికి వెళ్ళేది. మా హిందువుల ఇళ్ళకి కూడా వచ్చేవి. వాటిని అద్దం పక్కన గోడకి తగిలించుకున్న ఇళ్ళు సోంపేట దాకా నేను చూశాను.

ఆ కార్డు ఎలా ఉండేదో చెప్పాలి. అరిగిపోయిన హవాయి చెప్పుల అడుగుల మీద ఆవిడ చిన్న చాకుతో ఆకులు చెక్కేవారు. అవే ఆవిడ ముద్రలు. సిరాలో అద్ది దళసరి కాగితం మీద వేస్తే నరాలతో సహా ఆకు పడేది. తరవాత ఆ ఆకు చుట్టూ కత్తిరించాలి. దానికి ఒక చిన్న యంత్రం ఉండేది, చెరకు రసం తీసే దానిలాగా రెండు రోలర్లూ ఒక పిడీ. జీడిపప్పు డబ్బాల అట్టలకి అచ్చులు చేసే అతని దగ్గర ఆవిడ ఆకుల ఆకారంలో ఉక్కు అచ్చులు వంచి చేయించుకున్నారు. ఆకు పడ్డ చోట అచ్చు పెట్టి పిడి తిప్పితే కటుక్కున శబ్దం వచ్చి ఆకు తెగేది. దాని వెనక చిన్న అట్టముక్క పెట్టి అతికిస్తే కార్డు మీద కొంచెం పైకి లేచి నిలబడేది. పెళ్ళికి కొబ్బరి మట్ట, పుట్టినరోజుకి జీడిమామిడి ఆకు, జబ్బుపడ్డ వాళ్ళకి వేప రెమ్మ, చావు ఇంటికి సరుగుడు రెమ్మ. ఈ నాలుగూ ఆవిడ ఎప్పుడూ మార్చలేదు.

నేను అప్పుడు జీడి పరిశ్రమలో పనిచేసేదాన్ని. జీడిపిక్కలు కొట్టేవాళ్ళ చేతులు చూసే ఉంటారు. ఎంత బూడిద రాసుకున్నా పిక్కల నూనెకి వేళ్ళు నల్లబడి, తోలు ఊడిపోతుంది. ఒకరోజు టీచరు గారు మా షెడ్డుకి అట్టముక్కల కోసం వచ్చారు. నేను పప్పు మీద పొర ఒలుస్తున్నాను. పప్పు బద్ద విరగకుండా పొర ఊడదీయాలి, విరిగితే దాని రకం మారిపోతుంది. ఆవిడ చాలాసేపు నిలబడి చూశారు.

"ఈ వేళ్ళు నాకు కావాలమ్మా" అన్నారు.

నా పక్కన కూర్చున్న తులసమ్మ వెంటనే, "ఏళ్ళే సాలా టీచరమ్మా, మిగతా మనిసిని మాకొగ్గేత్తారా" అంది. షెడ్డంతా నవ్వింది.

ఆ సాయంత్రం నేను టీచరు గారి వసారా మెట్టు మీద నిలబడి, "నా సేతులు సూడండి అమ్మగారూ, మీ తెల్ల కాయితం మాసిపోతాది" అన్నాను. "మాస్తే మాస్తుంది, కూర్చో" అన్నారు. వేప రెమ్మ తెగాక అచ్చులో ఇరుక్కున్న సన్నటి ఆకుల్ని సూదితో పైకి లేపాలి, ఒక్క ఆకు చినిగినా రెమ్మంతా పోయినట్టే. ఆవిడ వేళ్ళు అప్పటికే వణుకుతున్నాయి. నేను లేపాను, చినగలేదు. ఆ రోజు నుంచి పని దిగాక రోజూ వెళ్ళేదాన్ని.

తులసమ్మ నాకు అప్ప, అంటే అక్క. రక్త సంబంధం లేదు. ఇరవై ఏళ్ళు పీట పక్కన పీట వేసుకుని పిక్కలు కొట్టాం, అంతే. ఆమె భర్త సింహాచలం కొబ్బరికాయలు దింపే మనిషి. కంచిలి దాకా తోటలవాళ్ళు కబురు పెట్టి పిలిచేవాళ్ళు. నన్ను మరదలా అని పిలిచి ఏడిపించేవాడు. ఆయనకి కిడ్నీలు పాడయ్యాయి. మా ఉద్దానంలో ఈ మాటకి ఎవరూ ఆశ్చర్యపోరు, అయ్యో ఈ ఇంట్లో కూడానా అంటారు. వారానికి రెండుసార్లు డయాలసిస్. చెట్టు ఎక్కడం మానేశాడు.

టీచరు గారి దగ్గర పని ఒక పద్ధతిలో సాగేది. ముందు ఆవిడ కార్డు లోపల రాసేవారు. పేర్లు పైన కాకుండా అన్నిటికన్నా కింద, చివర్న రాయడం ఆవిడ అలవాటు. రాసినవాటిని బల్ల మీద పెట్టేవారు, జబ్బు కార్డులు కుడివైపు, చావు కార్డులు ఎడమవైపు. కుడివైపు వాటికి వేప, ఎడమవైపు వాటికి సరుగుడు నేను అతికించేదాన్ని. లోపల ఏముందో నాకు తెలిసే దారి లేదు. బల్ల మీద చోటే నాకు చదువు.

ఆ రోజు రెండే కార్డులున్నాయి. కుడివైపుది సింహాచలం బావకి, ఎడమవైపుది మందస దగ్గర ఒక చావు ఇంటికి. టీచరు గారు ఆ చావుకి వెళ్ళే తొందరలో లోపల చీర మార్చుకుంటున్నారు. నేను జిగురు కలుపుతుంటే సముద్రపు గాలి ఒక్కసారి వసారాలోకి కొట్టి రెండు కార్డులూ నేల మీద పడ్డాయి. తీసి పెట్టాను. ఏది ఏ వైపుదో అనుమానం వచ్చింది. అడుగుదామనుకున్నాను. ఇంతపాటి పని కూడా చేతకాదా అనుకుంటారని అడగలేదు. వేప ఒకదానికి, సరుగుడు ఒకదానికి అతికించాను. సరుగుడు కార్డు ఆవిడ తీసుకుని బస్సెక్కారు. వేప కార్డు పట్టుకుని నేను తులసమ్మ ఇంటికి వెళ్ళాను.

బావ అరుగు మీద మంచం వేసుకుని పడుకున్నాడు. చుట్టుపక్కల ఆడవాళ్ళు ఇద్దరు ముగ్గురు ఉన్నారు. "మరదలు పిల్ల ఉత్తరాలు తెచ్చీసింది. మీ అప్ప సూడకుండా ఇయ్యాలి గాని ఇలగ నలుగుర్లో ఇత్తారేటి" అన్నాడు. తులసమ్మ లోపల్నుంచి, "తీసుకో తీసుకో, ఇంకెవులిత్తారు నీకు" అంది. తొమ్మిదో తరగతి చదివే వాళ్ళ కూతురు కార్డు తీసుకుని ముందు వేప రెమ్మని వేలితో తడిమింది. తరవాత విప్పి అందరికీ వినపడేలా చదవడం మొదలుపెట్టింది.

"మీ ఇంటి దిక్కు వెళ్ళిపోయిన ఈ రోజున, మీకు ఏ మాట చెప్పినా..."

అక్కడ ఆగిపోయింది. ఆ పిల్ల ముఖం నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. తండ్రి చెయ్యి చాచాడు. కార్డు తీసుకుని తలగడ మీద తల కొంచెం ఎత్తుకుని మొదట్నుంచీ కిందిదాకా చదివాడు. మడిచి గుండె మీద పెట్టుకున్నాడు. తులసమ్మ చేతిలో పళ్ళెంతో గుమ్మంలో నిలబడి నన్ను చూస్తోంది.

కబురు తెలిసి టీచరు గారు బస్సు దిగినవారు దిగినట్టే వచ్చారు. "ఆ కార్డు ఇలా ఇచ్చేయి నాయనా" అన్నారు. బావ ఇచ్చాడు. ఇస్తూ, "బాగా రాసినారమ్మా" అన్నాడు. ఎగతాళి అనుకున్నాం అందరం.

మర్నాడు ఆవిడ మా షెడ్డుకి వచ్చి యాభై మంది ఆడవాళ్ళ ముందు నిలబడి, "తప్పు నాది. నీలమ్మది కాదు. వినండి, నీలమ్మది కాదు" అన్నారు.

తులసమ్మ తల ఎత్తకుండానే జవాబిచ్చింది. "మీరు పెద్దోరు టీచరమ్మా. దాన్ని ఎనకేసుకొత్తన్నారు."

ఆవిడ కాసేపు నిలబడి వెళ్ళిపోయారు. నేనూ తులసమ్మ అన్నదే నమ్మాను. ఎంత మంచి మనిషి, నా తప్పు నెత్తిన వేసుకుంది అనుకున్నాను. గాలి సంగతి మాత్రం ఆవిడతో చెప్పలేకపోయాను.

ఆ వారమే ఆవిడ నన్ను బల్ల ముందు కూర్చోబెట్టి ఒక పాత చెప్పు అడుగు చేతిలో పెట్టారు. "ఇకనుంచి నువ్వు చదివిన కార్డుకే ఆకు అతికిద్దువు గాని" అన్నారు. పలక మీద కాదు, రబ్బరు మీద నేర్చుకున్నాను నేను. ముద్ర సరిగ్గా పడాలంటే అక్షరాన్ని తిరగేసి చెక్కాలి కదా. మూడు నెలలయ్యాక నా పేరు కాగితం మీద రాసి చూపిస్తే ఆవిడ చూసి, అద్దం తీసుకొచ్చి దాని పక్కన పెట్టారు. కాగితం మీద పేరంతా వెనక్కి తిరిగి ఉంది. ఆవిడ అంతలా నవ్వడం నేను అంతకు ముందు చూడలేదు. "పోనీలే, అద్దంలోనైనా ఉంది నీలమ్మ" అన్నారు. రెండేళ్ళు పట్టింది నాకు కూడబలుక్కోకుండా చదవడానికి. ఆవిడ విసుక్కోలేదు. తప్పు చదివితే కోప్పడేవారు కాదు, వేలు ఆ మాట మీద పెట్టి ఊరుకునేవారు. నేను సరిగ్గా చదివేదాకా ఆ వేలు అక్కడే ఉండేది.

బావ ఎనిమిది నెలలకి పోయాడు. నేను వెళ్ళాను. తులసమ్మ గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి నెమ్మదిగానే అంది, "నువ్వు ముందే తెచ్చిచ్చీసినావు కదే. మల్లీ ఎందుకొచ్చినావు." ఆ తరవాత ఆమె షెడ్డు మానేసి సుమ్మాదేవి దగ్గర పుట్టింటి ఊరికి వెళ్ళిపోయింది. మా ఇద్దరి మధ్యా మాట లేదు. ఆ మాట నా చెవిలో పడని రోజు మాత్రం లేదు.

పోయిన వారం పెట్టెలో యంత్రం ఉంది, అచ్చులున్నాయి, చెప్పుల ముద్రలున్నాయి. అడుగున ఒక బట్టలో చుట్టిన కార్డుల కట్ట ఉంది. పైవాటి మీద ఆకులు లేవు. పైదాన్ని విప్పాను. చావు కార్డు. ఎవరికో అని ముందు కింద పేరు చూశాను. నా కూతురి పేరు ఉంది. దాని కింద, "మీ అమ్మ నీలమ్మ పోయిన సందర్భంలో, ఎస్తేరు" అని ఉంది.

రెండోసారి చదివాను. మూడోసారి ఒక్కొక్క అక్షరం వేలు పెట్టి చదివాను. లేచి వెళ్ళి ముఖం కడుక్కుని వచ్చి చదివాను. అక్షరాలు మారలేదు. అయిదేళ్ళ కిందట రక్తపరీక్షల్లో నాకూ కిడ్నీ బాగాలేదని మొదట వచ్చింది, తరవాత మళ్ళీ చూసి పరవాలేదన్నారు. ఆ మధ్యలో రాసినట్టున్నారు. లోపల ఇలా ఉంది: "మీ అమ్మ చేతులు జీడి నూనెకి నల్లగా ఉండేవి. ఆ చేతులతో నా కార్డులన్నిటికీ ఆకులు అతికించింది. ఒక్కదాని మీద మరక పడలేదు. ఒక్కటీ ఆమె వల్ల తప్పు ఇంటికి వెళ్ళలేదు."

ఒక్కొక్కటే విప్పుతూ పోయాను. అన్నీ చావు కార్డులే. పోయారని రాసినవాళ్ళు కొందరు మొన్న బజారులో నాకు కనిపించారు. ఒకాయన మా ఇంటికి పాలు పోస్తాడు.

కట్టలో ఆఖరున పిన్నుతో కలిపిన రెండు కార్డులున్నాయి. ఒకదాని మీద ఏ ఆకూ లేదు, లోపల సింహాచలం తొందరగా కోలుకుని మళ్ళీ చెట్టెక్కాలని రాసి ఉంది. రెండోదాని మీద వేప రెమ్మ ఉంది, నేను అతికించిందే. విప్పాను. "మీ ఇంటి దిక్కు వెళ్ళిపోయిన ఈ రోజున..." కళ్ళు కిందికి పరిగెత్తాయి. అడుగున, "తులసమ్మకి, సింహాచలం పోయిన సందర్భంలో, ఎస్తేరు."

అది మందస చావు ఇంటి కార్డు కాదు. బతికున్న మనిషి చావుకి ముందే ఆయన పేరుతో రాసి పెట్టిన కార్డు. ఆవిడ దాచుకోవాల్సింది కుడివైపు పెట్టారు, కుడివైపు పెట్టాల్సింది దాచుకున్నారు. గాలికి పడ్డవాటిని నేను సరిగ్గానే తీసి పెట్టాను. నేను తారుమారు చేసి ఉంటే ఆ రోజు మందసకి కూడా తప్పు కార్డు వెళ్ళాలి. అక్కడ టీచరు గారు తన కార్డు తానే చదివి వినిపించి వచ్చారని అప్పుడే విన్నాను, అందులో తేడా ఏమీ రాలేదు. పదమూడేళ్ళలో ఒక్కసారి కూడా నాకు ఇది తట్టలేదు. తప్పు నాదేనని అంత గట్టిగా నమ్మితే ఇంక వెతికేదేముంటుంది.

సునీతకి ఫోన్ చేశాను. "చావు ఇంట్లో కూర్చుని రాయబోతే అత్తకి చెయ్యి ఆడేది కాదు. అందుకని ఎవరికైనా బాగాలేదంటే ముందే రాసి పెట్టుకునేది" అంది. "లేచి తిరిగినవాళ్ళ కార్డులు పారేసేది కాదు. అప్పుడప్పుడూ తీసి చూసుకుని సంతోషించేది. కట్ట విప్పకుండా నీలమ్మకే ఇమ్మని చెప్పింది."

నాకు కోపం వచ్చింది. రాయకూడదేమో గాని రాస్తున్నాను, చాలా కోపం వచ్చింది. ఆవిడ నిజమే చెప్పారు, షెడ్డులో అందరి ముందూ చెప్పారు. ఎలా జరిగిందో మాత్రం చెప్పలేదు. బతికున్నవాడి చావు రాశానని ఎవరు మాత్రం చెప్పగలరు. కానీ ఆవిడ మింగేసిన ఆ ఒక్క మాట వల్ల నేను మా అప్పని పోగొట్టుకున్నాను. రబ్బరు మీద అక్షరాలు దిద్దిస్తున్న రెండేళ్ళూ, తప్పు మాట మీద వేలు పెట్టి ఎదురుచూసినప్పుడల్లా, ఆవిడ ఏ రోజు కోసం చూస్తున్నారో ఇప్పుడు తెలుస్తోంది. నా నోటితో నేనే చదువుకునే రోజు కోసం. అది తెలిశాక కూడా కోపం పూర్తిగా పోలేదు. ఆవిడ నాకిచ్చిన చదువుతోనే ఆవిడ మీద కోపగించుకుంటున్నానని కూడా తెలుసు. రెండూ నాతోనే ఉంటాయి.

మర్నాడు పొద్దున్నే యంత్రాన్ని బల్ల మీదికి ఎత్తాను. సరుగుడు ముద్రని సిరాలో అద్ది వేశాను, అచ్చు పెట్టి పిడి తిప్పాను. కటుక్కుమంది. సూదితో సన్నటి ఆకులు లేపి, ఆ రెమ్మని కళ్ళజోడు డబ్బాలో పెట్టుకుని, వేప కార్డు కవరులో పెట్టుకుని ప్యాసింజరు ఎక్కి సుమ్మాదేవిలో దిగాను.

తులసమ్మ వాకిట్లో జీడిపిక్కలు ఎండబోస్తోంది. జుట్టు మొత్తం నెరిసిపోయింది. చూపు కూడా తగ్గినట్టుంది, చెయ్యి అడ్డం పెట్టుకుని "ఎవులది" అంది.

"నానే అప్పా. నీలమ్మని."

కాసేపు పిక్కలు కదుపుతూనే ఉంది. "ఇప్పుడెవులు పోనారు" అంది.

"టీచరమ్మ పోనారు."

"ఇన్నాను."

"ఆ రోజు కార్డు నా దగ్గరున్నాది అప్పా. ఓపాలి ఇంటావా."

"ఎవులు సదువుతారు, నువ్వా?"

"నానే."

ఆమె చేట పక్కన పెట్టి అరుగు మీద కూర్చుంది. రమ్మనలేదు, పొమ్మనలేదు. నేను కింది మెట్టు మీద కూర్చుని చదివాను. మొదటి మాటల దగ్గర ఆమె చెయ్యి చీర కొంగుని పట్టుకుంది. నేను ఆగలేదు. "ఆయన ఎక్కి దిగిన చెట్లు రేపు కూడా కాపు కాస్తాయి. కాయ దింపించిన ప్రతి ఇంట్లోనూ ఆయన పేరు తలుచుకుంటారు." తరవాత కింద రాసిన పేర్లు చదివాను.

"పేర్లు మల్లీ సదువు" అంది.

చదివాను.

"అయితే అది మా ఆయనకే రాసినారా."

"ఔనప్పా. ముందే రాసీసి పెట్టుకున్నారట. నాకిచ్చినప్పుడు అది మారిపోనాది."

"ఆయన ఆకర్దాకా సదివినాడు కదా ఆ రోజు."

"సదివినాడు. బాగా రాసినారమ్మా అన్నాడు."

తులసమ్మ వాకిట్లో పిక్కల వైపు చూసింది. "ఇంత సదివీసి, ఆ రోజు అన్నం కాడ సేప ముక్క ఇంకోటెయ్యి అన్నాడే. నాతో ఒక్క మాటన్నేదు" అంది. తరవాత, "మొండి గొడ్డు" అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆమె నా భుజం మీద చెయ్యి వేసింది, లేవడానికి ఆసరా కోసం అనుకున్నాను. లేవలేదు.

నేను కళ్ళజోడు డబ్బా తీసి సరుగుడు రెమ్మ చూపించాను. వేప తీసేసి దీన్ని అతికిస్తానని, అసలు దీనికి ఉండాల్సింది ఇదేనని చెప్పాను. ఆమె కార్డు చేతిలోకి తీసుకుని వేప ఆకుల మీద వేలు పెట్టి తడిమింది. పదమూడేళ్ళ కిందట ఆమె కూతురు తడిమినట్టే.

"ఒగ్గే. యాపే ఉండనీ" అంది.

కార్డు ఆమె దగ్గరే ఉంచుకుంది. సరుగుడు రెమ్మ నా కళ్ళజోడు డబ్బాలోనే తిరిగి పలాస వచ్చింది.